లినక్స్‌లో అంతగా పేరులేని మంచి గేములు: ఎక్కడ దొరుకుతాయి, ఎలా నడపాలి

లినక్స్‌లో గేములు అనగానే స్టీమ్ అనే గేముల దుకాణం పెట్టుకుని, విండోస్ గేములను అందులోని ప్రోటాన్ అనే ఉపకరణంతో నడపడం గురించే ఎక్కువమంది చెబుతారు. అది వేరే దారి. ఒకరిద్దరు మనుషులో చిన్న బృందమో ఏళ్ల తరబడి చెక్కుతూ వచ్చి, నేరుగా లినక్స్‌కే ఇస్తున్న గేములు చాలా ఉన్నాయి. వాటిలో చాలా ఉచితం. చాలావరకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అడగవు, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీదా ఆడుకోవచ్చు. ఆట నచ్చక కాదు, డౌన్‌లోడ్ చేసిన ఫైలు తెరుచుకోక విసిగి వదిలేసేవాళ్లూ ఉంటారు. అందుకే ఇక్కడ ముందు ఆ ఫైళ్ల సంగతి, తర్వాత ఆటల సంగతి.

ఉదాహరణలన్నీ లినక్స్ మింట్, ఉబుంటుల మీద. కమాండ్లను టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. పెద్దక్షరం అని చెప్పిన చోట తప్ప అన్నీ చిన్నక్షరాలే.

ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ చూసుకోండి

'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మెసా-యుటిల్స్' అని కొట్టి ఆ ప్యాకేజీ పెట్టుకోండి. తర్వాత 'జీఎల్ఎక్స్ఇన్ఫో', ఖాళీ, హైఫన్, పెద్దక్షరం బీ. వచ్చిన వరుసల్లో 'ఓపెన్‌జీఎల్ రెండరర్' అన్న చోట ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియా పేర్లలో ఏదో ఒకటి కనిపిస్తే సరే. 'ఎల్ఎల్‌వీఎంపైప్' అని ఉంటే మాత్రం బొమ్మలన్నీ గ్రాఫిక్స్ చిప్ కాకుండా ప్రాసెసరే గీస్తోందని అర్థం. అలాంటప్పుడు ఎంత చిన్న గేమైనా నత్తనడక నడుస్తుంది, ఫ్యాను హోరెత్తుతుంది. ఎన్‌విడియా కార్డు ఉంటే మింట్‌లో 'డ్రైవర్ మేనేజర్', ఉబుంటులో 'అడిషనల్ డ్రైవర్స్' తెరిచి, సిఫార్సు చేసిన డ్రైవర్ పెట్టి రీస్టార్ట్ చేయాలి. వర్చువల్ మెషీన్‌లో, అంటే వేరే సిస్టమ్ లోపల, లినక్స్ నడుపుతున్నవాళ్లకూ 'ఎల్ఎల్‌వీఎంపైప్' పేరు తరచూ కనిపిస్తుంది. అక్కడ త్రీడీ యాక్సెలరేషన్ ఆన్ చేసి చూడండి.

మొదటి దారి: డిస్ట్రో సొంత ప్యాకేజీలు

డిస్ట్రో అంటే మింట్, ఉబుంటుల్లాంటి లినక్స్ రకం. అన్నిటికన్నా సులువైనది ఇదే. 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్' తర్వాత గేము పేరు: వెస్‌నాత్, హెడ్జ్‌వార్స్, వైడ్‌ల్యాండ్స్, ఓపెన్‌టీటీడీ. ఎండ్‌లెస్ స్కై అయితే రెండు మాటల మధ్య హైఫన్ ఉండాలి. కావాల్సిన లైబ్రరీలు, అంటే గేము ఆధారపడే సహాయక ఫైళ్లు, అన్నీ వాటంతటవే వస్తాయి.

చిక్కు ఒక్కటే, పాత వెర్షన్. డిస్ట్రో విడుదలైన నాటి వెర్షనే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఒంటరిగా ఆడే గేముకు ఇబ్బంది లేదు. ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడేదైతే మాత్రం అవతలివాళ్ల వెర్షన్, మీ వెర్షన్ కలవాలి. వెస్‌నాత్‌లో 1.16 ఉన్నవాళ్లు 1.18 ఉన్నవాళ్లతో ఆడలేరు, యాడ్-ఆన్లు కూడా వెర్షన్‌కు వేరు. ఆన్‌లైన్ ఆటలకు కింది దారే మేలు.

రెండో దారి: ఫ్లాట్‌హబ్

ఫ్లాట్‌ప్యాక్ అంటే ఏ డిస్ట్రోలోనైనా నడిచే ప్యాకేజీ రకం, అవి దొరికే సైటు ఫ్లాట్‌హబ్. మింట్‌లో ఫ్లాట్‌ప్యాక్ ముందే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో గేము పేరు వెతికి, 'ఫ్లాట్‌ప్యాక్' అని ఉన్నదాన్ని ఎంచుకోండి. మింట్ 22 నుంచి, తయారీదారు ధ్రువీకరించని ఫ్లాట్‌ప్యాకులు కనిపించకుండా దాచేశారు. ఫ్లాట్‌హబ్ సైటులో ఉన్న గేము మీ దగ్గర వెతికితే రావట్లేదంటే కారణం ఇదే కావచ్చు. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి 'అన్‌వెరిఫైడ్' ఫ్లాట్‌ప్యాకులను చూపించమని టిక్ పెట్టాలి. ఉబుంటులో ఫ్లాట్‌ప్యాక్ ప్యాకేజీ మీరే పెట్టుకుని, ఫ్లాట్‌హబ్ సైటులో ఉబుంటు పేజీలో ఇచ్చిన, ఫ్లాట్‌హబ్‌ను జతచేసే కమాండ్ కాపీ చేసి నడిపి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ చేయకపోతే కొత్త గేములు మెనూలో కనిపించవు.

మొదటిసారి యాభై ఎంబీ గేము అడిగినా వందల ఎంబీ దిగడం చూసి కంగారు పడక్కర్లేదు. అది రన్‌టైమ్, అంటే గేములన్నీ పంచుకునే లైబ్రరీల మూట. తర్వాతి గేము అదే మూటను వాడుకుంటే మళ్లీ దిగదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజువారీ డేటాతో నెట్టుకొచ్చేవాళ్లు ఈ మొదటి డౌన్‌లోడ్‌ను వైఫై దొరికిన రోజుకు పెట్టుకోవడం మంచిది.

ఎన్‌విడియా వాడేవాళ్లకు ఒక ప్రత్యేకమైన తంటా ఉంది. సిస్టమ్‌లో డ్రైవర్ అప్‌డేట్ అయిన మర్నాడు ఫ్లాట్‌ప్యాక్ గేములన్నీ ఒక్కసారిగా తెరుచుకోవడం మానేస్తాయి, లేదా ఈడుస్తూ నడుస్తాయి. ఫ్లాట్‌ప్యాక్ లోపల ఉండే డ్రైవర్ వెర్షన్, బయటి డ్రైవర్ వెర్షన్ అచ్చంగా ఒకటే కావాలి. 'ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్' అని ఒక్కసారి కొడితే సర్దుకుంటుంది.

ఒకే గేమును ఆప్ట్‌తో ఒకసారి, ఫ్లాట్‌హబ్ నుంచి ఒకసారి పెట్టుకోవద్దు. సేవ్ ఫైళ్లు వేర్వేరు చోట్ల పడతాయి. ఆప్ట్‌తో పెట్టినవి చాలావరకు హోమ్‌లో '.లోకల్' కింద 'షేర్' ఫోల్డర్‌లో, ఫ్లాట్‌ప్యాక్‌వి '.వార్' కింద 'యాప్' ఫోల్డర్‌లో ఉంటాయి. రెండూ దాగి ఉండే ఫోల్డర్లు. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే కనిపిస్తాయి. "నా ఆట అంతా పోయింది" అన్నవాళ్లలో చాలామందికి అది పోలేదు, పక్క ఫోల్డర్‌లో ఉంది.

మూడో దారి: యాప్‌ఇమేజ్

ఒకే ఫైలు, ఇన్‌స్టాల్ పని లేదు. కుడి క్లిక్, ప్రాపర్టీస్, పర్మిషన్స్, అక్కడ ప్రోగ్రామ్‌గా నడవడానికి అనుమతి ఇవ్వండి. తర్వాత డబుల్ క్లిక్. ఉబుంటు 22.04 మొదలుకొని ఇది చాలాసార్లు మౌనంగా విఫలమవుతుంది, ఎందుకంటే పాత తరహా యాప్‌ఇమేజ్‌లకు కావాల్సిన ఫ్యూజ్ 2 లైబ్రరీ అక్కడ ముందుగా ఉండదు. 22.04లో ఆ ప్యాకేజీ పేరు 'లిబ్‌ఫ్యూజ్2', 24.04లో 'లిబ్‌ఫ్యూజ్2టీ64'. పొరపాటున 'లిబ్', అంకె వదిలేసి ఉత్త 'ఫ్యూజ్' ప్యాకేజీ పెట్టొద్దు. అది ఫ్యూజ్ 3ను తీసేసి, డెస్క్‌టాప్‌కు అవసరమైన ఇతర ప్యాకేజీలను కూడా తనతో తీసుకుపోగలదు.

నాలుగో దారి: జిప్, టార్ ఫైళ్లు

చిన్న గేములు పెట్టే సైటు ఇచ్.ఐఓ, ప్రోగ్రామర్లు తమ కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లలో దొరికేవి ఇవే. సొంతంగా గేములు చేసేవాళ్లు మొదట ఇక్కడికే వస్తారు కాబట్టి అసలైన వింతలు, విశేషాలు ఈ దారిలోనే ఉన్నాయి. ఇచ్.ఐఓలో గేము పేజీ మీద పెంగ్విన్ గుర్తు ఉందో లేదో చూడండి. ఉంటే లినక్స్ ఫైలు ఉన్నట్టు. 'నేమ్ యువర్ ప్రైస్' అని ఉన్నవి డబ్బు కట్టకుండానే తీసుకోవచ్చు. ఆడి నచ్చాక వెనక్కి వచ్చి ఎంతో కొంత ఇస్తే, ఒంటరిగా పనిచేసే ఆ మనిషికి అది నిజంగా ఆసరా.

దీన్ని బ్రోగ్ సీఈ అనే నేలమాళిగ అన్వేషణ గేముతో చేసి చూద్దాం. బ్రయాన్ వాకర్ 2009లో మొదలుపెట్టిన బ్రోగ్‌ను, ఆయన ఆపేశాక అభిమానులు 'కమ్యూనిటీ ఎడిషన్' పేరుతో కొనసాగిస్తున్నారు. ఉచితం, చాలా చిన్న ఫైలు.

1. గిట్‌హబ్‌లో బ్రోగ్ సీఈ పేజీ తెరిచి 'రిలీజెస్' నొక్కండి. పేరులో 'లినక్స్', 'ఎక్స్86_64' ఉన్న టార్ ఫైలు (జిప్ లాంటి మూట) దించుకోండి. 'సోర్స్ కోడ్' అని ఉన్నవి వద్దు, అవి ప్రోగ్రామర్లకు.

2. హోమ్‌లో 'గేమ్స్' అనే ఫోల్డర్ చేసి, అందులో ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. పెన్‌డ్రైవ్ మీద వద్దు. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసినదాంట్లో నడిచే అనుమతి నిలబడదు, ఎన్నిసార్లు టిక్ పెట్టినా పోతుంది. జిప్ లోపల ఉండగానే డబుల్ క్లిక్ చేయడం కూడా పనికిరాదు.

3. ఆ ఫోల్డర్‌లో ఖాళీ చోట కుడి క్లిక్ చేసి 'ఓపెన్ ఇన్ టెర్మినల్' ఎంచుకోండి.

4. చుక్క, స్లాష్, వెంటనే 'బ్రోగ్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. చుక్క-స్లాష్ లేకపోతే లినక్స్ ఈ ఫోల్డర్‌లో వెతకదు, 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటుంది.

ఏ గేమైనా మొదటిసారి ఇలా టెర్మినల్ నుంచే నడపండి. డబుల్ క్లిక్ చేసినప్పుడు ఏమీ జరగకపోతే కారణం తెలియదు. టెర్మినల్‌లో మాత్రం చివరి రెండు మూడు వరుసల్లో కారణం రాసి ఉంటుంది. తరచూ కనిపించేవి ఇవి.

'పర్మిషన్ డినైడ్': నడిచే అనుమతి లేదు. జిప్‌లో పంపిన గేములకు ఇది మామూలే, ముఖ్యంగా విండోస్‌లో జిప్ చేసి ఉంటే. 'సీహెచ్‌మాడ్', ఖాళీ, ప్లస్ గుర్తు, ఎక్స్, ఖాళీ, ఫైలు పేరు. పేరు మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుకుంటుంది.

'ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్': దాని పక్కనే ఏ లైబ్రరీ లేదో పేరుంటుంది. బ్రోగ్‌కు ఎస్‌డీఎల్2, ఎస్‌డీఎల్2 ఇమేజ్ అనే రెండు కావాలి. కొత్తగా పెట్టిన ఉబుంటులో రెండోది లేకపోవచ్చు. 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌ఎస్‌డీఎల్2-ఇమేజ్-2.0-0' అంటే తీరిపోతుంది.

'జీఎల్ఐబీసీ' పేరు, వెర్షన్ అంకె, చివర 'నాట్ ఫౌండ్': గేము తయారుచేసిన సిస్టమ్ మీ సిస్టమ్ కన్నా కొత్తది. జీఎల్ఐబీసీ లినక్స్ మొత్తానికి ఆధారం. నెట్‌లో ఎక్కడో చూసి దాన్ని ఒక్కదాన్నే మార్చబోతే సిస్టమ్ బూట్ కాకుండా పోతుంది. అదే గేముకు ఫ్లాట్‌ప్యాక్ ఉందేమో చూడండి, లేదంటే పాత రిలీజ్ దించుకోండి.

'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్': ప్రాసెసర్ రకం కలవలేదు. ఏఆర్ఎమ్ ఫైలు దించుకుని ఉంటారు.

గోడో అనే గేము తయారీ సాఫ్ట్‌వేర్ (ఇంజిన్)తో చేసిన గేముల్లో '.ఎక్స్86_64' ఫైలు పక్కనే అదే పేరుతో '.పీసీకే' ఫైలు వస్తే రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, ఒకదాని పేరు మారిస్తే రెండోదీ మార్చాలి. గోడో 4 గేములు చాలావరకు వల్కన్ అనే కొత్త తరహా గ్రాఫిక్స్ పద్ధతి అడుగుతాయి. పాత ఇంటెల్ చిప్‌ల మీద అది ఉండదు, లేదా అరకొరగా ఉంటుంది. గేము తెరుచుకుని వెంటనే మూసుకుపోతే, ఫైలు పేరు తర్వాత ఖాళీ ఇచ్చి, రెండు హైఫన్లు, 'రెండరింగ్-డ్రైవర్', ఖాళీ, 'ఓపెన్‌జీఎల్3' అని చేర్చి చూడండి. చాలా గేములు నీడలు, వెలుగుల్లో కాస్త తేడాతో నడిచేస్తాయి.

మొదలుపెట్టడానికి కొన్ని గేములు

బ్రోగ్‌లో ఇరవై ఆరో అంతస్తులో ఉన్న తాయెత్తు తెచ్చుకుని పైకి రావాలి. చస్తే మళ్లీ మొదటి నుంచే. ఎక్స్ నొక్కితే మీ మనిషి తనంతట తానే అంతస్తు అంతా వెతుకుతాడు, 'కన్నా పెద్దది' గుర్తు నొక్కితే మెట్ల దగ్గరికి పోతాడు, పెద్దక్షరం జడ్ నొక్కితే విశ్రాంతి తీసుకుంటాడు. శత్రువులను చంపినంత మాత్రాన బలం పెరగదు, పెరిగేది దొరికిన వస్తువుల వల్లే. అందుకే ప్రతి రాక్షసుడితోనూ తలపడక్కర్లేదు, తప్పించుకుపోవడమూ ఆటే. కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఎన్‌చాంట్ స్క్రోల్స్‌ను, అంటే వస్తువుల బలం పెంచే మంత్రపత్రాలను, కత్తికి ఒకటి, కవచానికి ఒకటి, ఉంగరానికి ఒకటి అని పంచడం. మూడు నాలుగు అంతస్తులు చూశాక ఏదో ఒక్క వస్తువును నమ్ముకుని, దాదాపు అన్నీ దానికే పెట్టాలి. సంకెళ్లతో కట్టిపడేసిన ప్రాణి కనిపిస్తే, చుట్టూ కాపలా ఉన్నవాళ్లను వదిలించుకుని విడిపించండి, చివరిదాకా తోడుంటుంది. నిద్రపోతున్నదాన్ని చిన్న కత్తితో పొడిస్తే మామూలు దెబ్బకు ఐదింతలు. ఆట ప్రపంచాన్ని నిర్ణయించే అంకె, అంటే ఒకే సీడ్ నంబరుతో మొదలుపెడితే ఇద్దరికీ ఒకే నేలమాళిగ వస్తుంది కాబట్టి స్నేహితులతో పోటీ పెట్టుకోవచ్చు.

బ్యాటిల్ ఫర్ వెస్‌నాత్‌ను డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టారు. ఆరు భుజాల గళ్ల మీద వంతులవారీ యుద్ధం. చట్టాన్ని పాటించే జాతులకు పగలు బలం పాతిక శాతం పెరుగుతుంది, రాత్రి అంతే తగ్గుతుంది. అస్థిపంజరాల్లాంటి వాటికి ఇది తిరగబడుతుంది. సాయంత్రం పూట తొందరపడి ముందుకు దూకినవాళ్లే ఓడిపోతారు. ట్యుటోరియల్ అయ్యాక చిన్న క్యాంపెయిన్‌తో, అంటే వరుసగా సాగే పోరుల కథతో, మొదలుపెట్టండి. ఒక పోరులో బతికిన అనుభవజ్ఞులను తర్వాతిదాంట్లో 20 బంగారు నాణేలకు వెనక్కి పిలవచ్చు కాబట్టి, గెలుపు ఎంత ముఖ్యమో మనుషులను కాపాడుకోవడమూ అంతే ముఖ్యం.

ఎండ్‌లెస్ స్కైలో అప్పు చేసి కొన్న ఒక్క ఓడతో అంతరిక్షంలో వ్యాపారం మొదలవుతుంది. మొదటి ఓడగా స్పారో వద్దు, అది యుద్ధానికి. ప్రయాణికుల కోసం షటిల్, సరుకు కోసం స్టార్ బార్జ్ తీసుకుంటే అప్పు తీరుతుంది. ఎమ్ నొక్కితే మ్యాపు, జే నొక్కితే దూకడం, ఎల్ నొక్కితే దిగడం. ఇంధనం అయిపోతే దగ్గరున్న ఓడను ఎంచుకుని టీ నొక్కి సాయం అడగండి.

లువాంటి అంటే 2024 అక్టోబరు దాకా మైన్‌టెస్ట్ అని పిలిచినదే. తెరవగానే ఖాళీగా ఉంటుంది, చెడిపోలేదు. ఇది ఇంజిన్ మాత్రమే, 5.8 వెర్షన్ నుంచి ఏ గేమూ దానితో కలిసి రాదు. లోపలి నుంచే ఆన్‌లైన్ కంటెంట్ తెరిచి వోక్సెల్‌లిబ్రే దించుకుంటే మైన్‌క్రాఫ్ట్ తరహా ప్రపంచం దొరుకుతుంది. ల్యాప్‌టాప్ ఆయాసపడితే, ఎంత దూరం కనిపించాలో చెప్పే వ్యూయింగ్ రేంజ్‌ను 190 నుంచి 70కి తగ్గించండి.

కాస్త బలమైన కంప్యూటర్ ఉంటే 0 ఏ.డీ. చూడండి. డౌన్‌లోడ్ ఒక జీబీ దాటుతుంది. ప్రాచీన సామ్రాజ్యాల మధ్య పోరులో మౌర్యులను కూడా ఎంచుకోవచ్చు. చంద్రగుప్తుడు, అశోకుడు, చాణక్యుడు నాయకులుగా వస్తారు. సేకరించిన సరుకు తెచ్చి దించే చోటుగా మౌర్యులకు ఒక ఏనుగు ఉంటుంది. దాన్ని పనివాళ్ల పక్కకే నడిపించొచ్చు కాబట్టి అడవి వెనక్కి జరిగే కొద్దీ కొత్త గిడ్డంగి కట్టక్కర్లేదు. సైన్యాలు పెరిగాక ఆట ఆగి ఆగి నడవడం ఇందులో అందరూ చెప్పే ఫిర్యాదు. వందలమంది సైనికులకు దారి లెక్కగట్టే భారం ప్రాసెసర్ మీద పడుతుంది, గ్రాఫిక్స్ తగ్గించినా పెద్ద ఫలితం ఉండదు. మ్యాచ్ మొదలుపెట్టే ముందే జనాభా పరిమితిని 100కి దించి, చిన్న మ్యాపు ఎంచుకోండి.

డిస్ట్రోను కొత్త వెర్షన్‌కు మార్చే ముందు పైన చెప్పిన రెండు దాగిన ఫోల్డర్లనూ, 'గేమ్స్' ఫోల్డర్‌నూ వేరే డ్రైవ్‌కు కాపీ చేసుకోండి. ఫ్లాట్‌ప్యాక్ గేము తీసేసేటప్పుడు డేటా కూడా చెరిపేయాలా అని అడిగితే, మళ్లీ ఆడే ఉద్దేశం ఉన్నంతవరకు వద్దనే చెప్పండి.