నూడుల్స్ పళ్లెంలో కేలరీలు – మూడవ పాఠం: నూనె లెక్క

గత పాఠంలో నూడుల్స్‌ను ఉడికించక ముందే తూచాలని నేర్చుకున్నాము. ఉడికేటప్పుడు అవి నీటిని పీల్చుకొని సుమారు రెండున్నర రెట్ల బరువుకు చేరుతాయే తప్ప కేలరీలు పెరగవు; 100 గ్రాముల ఎండు నూడుల్స్‌కు దాదాపు 350 కిలోకేలరీలు. ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో చాలా రకాలను తయారీలోనే నూనెలో వేయిస్తారు కనుక వాటికి 450 వరకు వేసుకోవాలి.

ఇక నూనె. పిండిపదార్థాలు, మాంసకృత్తులు గ్రాముకు 4 కిలోకేలరీలు ఇస్తే, నూనె 9 ఇస్తుంది. 15 మిల్లీలీటర్ల చెంచాడు నూనె బరువు 13 నుంచి 14 గ్రాములు, అంటే సుమారు 120 కిలోకేలరీలు. సీసా వంచి పోసిన నూనెను కంటితో అంచనా కట్టడం నమ్మదగిన పద్ధతి కాదు. వంటకు ముందు సీసాను తూచి, వంట పూర్తయ్యాక మళ్లీ తూచండి. తగ్గిన బరువే మీరు వాడిన నూనె. నూడుల్స్ ఉడికాక అంటుకోకుండా కలిపే నూనె కూడా ఆ సీసాలోదే కావాలి, ఎందుకంటే లెక్కలో చాలామంది మరచిపోయేది దానినే.

ఇంట్లో ఇద్దరికి ఎగ్ నూడుల్స్ చేశామనుకుందాము. ఎండు నూడుల్స్ 100 గ్రాములకు 350, రెండు గుడ్లకు 140, రైతు బజారులో తెచ్చిన క్యాబేజీ 100 గ్రాములు, క్యారెట్ 50 గ్రాములు కలిపి 45, రెండు చెంచాల నూనెకు 240, మొత్తం 775. నూనె ఒక చెంచాకు తగ్గితే 655. కూరగాయలన్నీ మానేసినా అంత తేడా రాదు, కాబట్టి వాటిని తగ్గించడం వృథా.

విశాఖ బీచ్ రోడ్డులోని ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గర ఈ తూకం సాధ్యపడదు. అక్కడ పెనం మీద ఎన్ని గరిటెల నూనె పోశారో నిలబడి చూడడమే మార్గం. సోయా సాస్‌లో కేలరీలు స్వల్పమే అయినా, ఒక చెంచాలో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రోజువారీ పరిమితి 2,000 లోపే.

అభ్యాసం: ఈ వారం ఇంట్లో నూడుల్స్ చేసినప్పుడు సీసా బరువు రెండుసార్లు రాసి, తేడాను 9తో హెచ్చించి, తిన్నవారి సంఖ్యతో భాగించండి. వచ్చే పాఠంలో మాంసకృత్తుల లెక్కకు ఆ కాగితమే కావాలి.