ఏడాది పనిచేశాక సాధికారత స్కోరు పడిపోయిందా? ప్రశ్నలు మార్చేముందు ఇవి చూడండి

సమస్య: పొదుపు సంఘాల మహిళలతో బేస్‌లైన్ (పని మొదలుపెట్టేముందు చేసే సర్వే) చేశారు. ఇంట్లో వాళ్ల మాట ఎంత చెల్లుతుందో అడిగి సాధికారత స్కోరు వేశారు. ఏడాదంతా శిక్షణలు, మీటింగులు, బ్యాంకు పనులు బాగానే నడిచాయి. అదే ఫారంతో మళ్లీ అడిగితే స్కోరు పెరగకపోగా తగ్గింది. రిపోర్టు గడువు నెత్తిమీద ఉంది.

మొదట చూడాల్సింది, ఎవరూ చూడనిది: అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు? బేస్‌లైన్ సంఘం మీటింగులో జరిగి, ఎండ్‌లైన్ (ఏడాది తర్వాత చేసే సర్వే) ఇంటి అరుగు మీద అత్త ఎదురుగా జరిగితే ఆ రెండింటినీ పోల్చడమే దండగ. ఫారంలో దానికో గడి పెట్టమని ఎన్నిసార్లు చెప్పానో! అడిగిందెవరో కూడా చూడండి. సంఘం లోను పనులు చూసే కార్యకర్త, యానిమేటరే అడిగితే "అంతా మంచిగనే ఉందమ్మా" అంటారు. రెండోసారి బయటివాళ్లు వెళ్లి అడిగితే స్కోరు పడక ఏం చేస్తుంది? రెండుసార్లూ పక్క మండలం మనిషినే పంపండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా స్కోరు పడిందంటే, నన్ను రెండుసార్లు ముంచిన కారణం ఇదీ.

"ఇంట్లో డబ్బు విషయంలో మీ మాట ఎంత చెల్లుతుంది?" అని అడిగి ఐదు చింతగింజలు ఇచ్చాం, మాట ఎంత చెల్లితే అన్ని గింజలు పెట్టమని. బీడీలు చుడుతున్న ఒకామె మొదటి ఏడాది నాలుగు గింజలు చాట అంచున పెట్టింది. మరుసటి ఏడాది రెండే పెట్టింది. అప్పుడు నాలుగు పెట్టారు కదక్కా అంటే నవ్వింది. "అప్పుడు కూరగాయల సంగతి అనుకున్న. లోను నా పేరు మీదనే ఉండె, పైసలు ఆయన తీస్కపోయిండు. అది గూడ నన్ను అడగాలె అని మీటింగుల కూసున్నంకనే గదా తెల్సింది!"

ఏడాదిలో ఆమె గజంబద్దే, అంటే తన మాటను తాను కొలుచుకునే కొలతే, మారిపోయింది. దీన్ని రెస్పాన్స్ షిఫ్ట్ అంటారు. శిక్షణల ఫలితాలు కొలిచేవాళ్లకి 1970ల చివరి నుంచీ తెలిసిన చిక్కే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడింది అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లే. పాఠం చదివిన మర్నాడు వాళ్లకి మన ఫారం ఇచ్చి ఉంటే, తమ మాట ఎంత చెల్లట్లేదో అప్పుడే తెలిసొచ్చి సున్నాలు పెట్టేవారేమో.

పరిష్కారం: ఎండ్‌లైన్‌లో ఇప్పటి సంగతి అడిగిన వెంటనే, "ఇప్పుడు మీకు తెలిసినదాన్నిబట్టి, పోయినేడు బతుకమ్మ పండుగప్పుడు ఎన్ని గింజలు పెట్టాల్సింది?" అని అడగండి. ఆ బీడీలామె ఒకటే పెట్టింది. అంటే ఒకటి నుంచి రెండుకి వచ్చింది. మన కాగితం మీద మాత్రం నాలుగు నుంచి రెండుకి పడింది.

అయితే ఈ వెనక్కి చూసే ప్రశ్న ఒక్కదాన్నే నమ్ముకోకండి. మనల్ని సంతోషపెట్టడానికి పాత సంగతిని తగ్గించి చెప్పేవాళ్లూ ఉంటారు. పాత బేస్‌లైన్ పారేయకుండా మూడు అంకెలూ పక్కపక్కనే వేయండి. వాటికి తోడు చేసిన పనుల గురించి అడగండి: పోయిన నెల బ్యాంకుకి ఎవరెళ్లారు? పాస్‌బుక్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది? వీటికి గజంబద్దతో పనిలేదు. 'నిర్ణయాలు' అని గంపగుత్తగా కూడా అడగొద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వైద్యం, పెద్ద కొనుగోళ్లు, పుట్టింటికో చుట్టాలింటికో వెళ్లడం, ఇలా విడివిడిగా అడుగుతుంది. కూరగాయల దగ్గర ఆగిపోకుండా ఉండాలంటే అదే దారి.

పాస్‌బుక్ జవాబులు కూడా పడ్డాయా? అయితే నిజంగానే తగ్గింది. జగిత్యాల, నిజామాబాద్ వైపు అయితే ఇంటాయన గల్ఫ్ నుంచి తిరిగొచ్చాడేమో ముందు కనుక్కోండి. ఆయన లేనన్నాళ్లూ ఆమె చేసిన లెక్కలు మళ్లీ ఆయన చేతికి పోతాయి. అది మీ శిక్షణ తప్పు కాదు.

తిరగేసి అడిగిన ప్రశ్నకు ('అవును' అంటే మార్కు తగ్గాల్సిన ప్రశ్నకు) మార్కులు తిప్పకుండా వేయడం, ఆమె బదులు తోడికోడలు జవాబు చెప్పడం లాంటివి నాకు ఎప్పుడో ఒకటి తగిలాయి. ఎక్సెల్ ముందు అరగంట కూర్చుంటే తేలిపోతాయి.