కొత్త పుస్తకాన్ని పత్రికల దాకా చేర్చడం ఎలా? ఏజెన్సీలో పబ్లిసిస్టు పని

పుస్తకం గురించి పత్రికల్లో వచ్చేలా చూసే మనిషే పబ్లిసిస్టు. ప్రకటనకైతే డబ్బు కట్టి జాగా కొనుక్కోవచ్చు. పబ్లిసిటీకి అది కుదరదు. ఈ పుస్తకం గురించి రాయాలని ఎడిటరుకే అనిపించాలి. ఈ తేడాను రచయితకు మొదటి రోజే చెప్పేయండి. ‘ఇన్ని సమీక్షలు వేయిస్తాం’ అని మాటిచ్చారో, ఇరుక్కున్నట్టే.

1. పుస్తకం చదవండి, మొత్తం. వెనక అట్ట చూసి ఎడిటరుకు రాసిన మెయిల్ మొదటి ఎదురు ప్రశ్నకే దొరికిపోతుంది. చదువుతూ ‘ఇది వార్త ఎందుకవుతుంది?’ అన్నదానికి మూడు నాలుగు జవాబులు రాసుకోండి. నవల విడుదలవడం వార్త కాదు. ఆస్పత్రి నేపథ్యంగా నవల రాసింది ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసిన నర్సు అయితే వార్త ఉంది. ఆరోగ్యం పేజీకీ పనికొస్తుంది.

2. విడుదల తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి. మాసపత్రికల పేజీలు నెలల ముందే ఖరారవుతాయి కాబట్టి వాటికి 4 నుంచి 6 నెలల ముందే రాయాలి. పబ్లిషర్స్ వీక్లీ, కర్కస్ లాంటి అమెరికా పుస్తకరంగ పత్రికలకు 3, 4 నెలల ముందు ప్రతి అందాలి. దినపత్రికలకు 4 నుంచి 6 వారాలు చాలు. నెలల ముందు పంపేటప్పటికి పుస్తకం అచ్చు కాదు గనక ప్రూఫు దశలోని (ఇంకా తప్పులు దిద్దుతున్న) ముందస్తు ప్రతి పంపుతారు. ‘ఉటంకించే ముందు తుది ప్రతితో సరిచూసుకోండి’ అని దాని మీద వేయించడం మరవకండి. చాలా ఏజెన్సీలు చతికిలబడేది ఈ లెక్క దగ్గరే: నెల ముందు వచ్చిన పుస్తకాన్ని ఎంత గొప్పదైనా మాసపత్రిక తీసుకోలేదు.

3. మెయిల్ పంపాల్సిన ఎడిటర్లు, విలేకరుల జాబితా చిన్నదిగా ఉంచండి. 500 మందికి ఒకే మెయిల్ కంటే 50 మందికి విడివిడిగా రాయడం మేలు. ప్రతి ఒక్కరూ ఈమధ్య ఏం రాశారో చూడండి. పాత జాబితాలో సగం మంది సీట్లు మారిపోయి ఉంటారు.

4. పిచ్ మెయిల్, అంటే పుస్తకం గురించి రాయమని ఎడిటరును అడిగే మెయిల్, 150 మాటలు దాటనివ్వకండి. మొదటి రెండు వాక్యాల్లో విషయం, తర్వాత రచయిత ఎవరు, చివర మీరు అడిగేది: సమీక్షా, ఇంటర్వ్యూనా, పుస్తక భాగమా? కింద ప్రచురణకర్త, పేజీలు, ధర, విడుదల తేదీ, 13 అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య). అటాచ్‌మెంట్లు వద్దు, లింకు ఇవ్వండి. పంపే ముందు పేరు మళ్లీ చూడండి. ఒక ఎడిటరుకు ఇంకొకరి పేరుతో మెయిల్ వెళ్తే ఆ తలుపు మూసుకున్నట్టే. ‘మీకు మాత్రమే’ అని ఒకే భాగాన్ని ఇద్దరికి ఇవ్వడం అంతకంటే పెద్ద తప్పు.

5. జవాబు రాకపోతే వారం ఆగి, ఏదైనా కొత్త సంగతి జోడించి ఒకసారి గుర్తు చేయండి. విడుదల దగ్గర మరోసారి. అక్కడితో ఆపండి.

6. ఇంటర్వ్యూ ఖాయమైతే ముందు రచయితతో ఓ 20 నిమిషాలు ప్రశ్నలు వేసి సాధన చేయించండి. ‘అది పుస్తకంలో ఉంది, చదవండి’ అనే జవాబును అప్పుడే మాన్పించాలి.

7. సమీక్ష వచ్చే తేదీ తెలియగానే ప్రచురణకర్తకు చెప్పి దుకాణాల్లో ప్రతులున్నాయో లేదో కనుక్కోండి. వారం చివర ఇచ్చే రిపోర్టులో వచ్చినవాటితోపాటు కాదన్నవాళ్లను, వాళ్లు చెప్పిన కారణాన్ని కూడా రాయండి.