ఉప్పునీటి పంపు స్లీవ్: రాపిడి, తుప్పు కలిసి తినేస్తుంటే

రొయ్యల చెరువులకు ఉప్పునీరు తోడే పంపుల్లో గ్లాండ్ రోప్ (కారుడు తగ్గించడానికి షాఫ్ట్ చుట్టూ కుక్కే తాడు) కింద షాఫ్ట్ స్లీవ్‌కు (షాఫ్ట్‌కు తొడిగే గొట్టానికి) గాడి పడుతుంది. కొత్త స్లీవ్ వేసి పాత పద్ధతిలోనే నడిపితే మళ్లీ అదే గాడి.

స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది కొన్ని నానోమీటర్ల మందం ఉన్న క్రోమియం ఆక్సైడ్ పొర. రోప్‌లో ఇరుక్కున్న ఇసుక రేణువు దాన్ని గీకేస్తుంది. పొర తిరిగి కట్టేలోపే గీత పడ్డచోట లోహం కరుగుతుంది. చుట్టూ చెక్కుచెదరని భాగం క్యాథోడ్‌గా (తాను కరగకుండా పక్క లోహాన్ని కరిగించే ధ్రువంగా) పనిచేసి ఆ కరుగుదలను పెంచుతుంది. మరుచుట్టులో మళ్లీ గీత. అందుకే ఉత్త రాపిడి నష్టాన్ని, ఉత్త తుప్పు నష్టాన్ని కూడినా అసలు నష్టానికి సాధారణంగా సరిపోవు.

స్లీవ్ విప్పి, కడిగి, ఆరబెట్టి వెలుతురులో చూడండి. గాడి నున్నగా మెరుస్తుంటే ప్రధానంగా ఇసుక పనే. మెరిసే గాడి అడుగున సూదిమొనంత గుంటలుంటే రెండూ కలిశాయి. గాడి లేకుండా రోప్ కిందే గుంటలుంటే పంపు ఆగినప్పుడు పట్టిన తుప్పు.

ఉప్పునీటికి గ్రాఫైట్ రోప్ వద్దు. దాన్ని తాకిన స్టీలు త్వరగా తుప్పు పడుతుంది. అరమిడ్ (గట్టి కృత్రిమ నార) రోప్ మెత్తని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవ్‌ను కోస్తుంది. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) రోప్ మేలు. స్లీవ్‌కు 410 రకం స్టీలు గట్టిదే కానీ ఉప్పుకు ఆగదు. 316 మీద క్రోమియం ఆక్సైడ్ పూత వేయిస్తే సీలర్ తప్పకుండా పట్టించండి. లేకపోతే సన్న రంధ్రాల గుండా ఉప్పునీరు దిగి పూత పెచ్చులుగా లేస్తుంది.

పాత రోప్ ముక్క మిగలకుండా తీయండి. డయల్ గేజ్‌తో షాఫ్ట్ ఊగు 0.05 మి.మీ. లోపు ఉందో చూడండి. కొత్త రోప్‌ను స్లీవ్ సైజు కడ్డీకి చుట్టి రింగులు కోయండి. ఒక్కో రింగు అతుకును 90 డిగ్రీలు తిప్పి వేయండి. రోప్‌ను నొక్కే గ్లాండ్ నట్లు ముందు చేత్తోనే బిగించాలి. పంపు నడుస్తుండగా 10–15 నిమిషాలకోసారి ఆరోవంతు చుట్టు తిప్పుతూ కారుడును నిమిషానికి 40–60 చుక్కలకు తేవాలి. కారడం పూర్తిగా ఆపితే రోప్ కాలి, స్లీవ్‌ను ఇంకా గట్టిగా గీకుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది మంచినీటి ఫ్లష్. స్టఫింగ్ బాక్స్ (రోప్ కూర్చునే గది) ప్రెషర్ కంటే అర నుంచి ఒక బార్ ఎక్కువతో వడకట్టిన మంచినీరు పంపితే ఇసుక, ఉప్పు రెండూ లోపలికి రావు. ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది: లాంతర్ రింగ్ (రోప్ రింగుల మధ్య ఫ్లష్ నీటిని పంచే గాడి రింగు) ఫ్లష్ రంధ్రానికి ఎదురుగా ఉండదు, నీరు రోప్‌ను తాకి ఆగిపోతుంది. రింగులు వేసేటప్పుడే రంధ్రంలోంచి సన్న తీగ దూర్చి అది లాంతర్ రింగ్ గాడిలోకే వెళ్తోందో లేదో చూడండి. పంపు ఆపాక కూడా కొన్ని నిమిషాలు ఫ్లష్ వదిలేయండి.