మందులకు లొంగని మూర్ఛ: అమర్చిన పరికరాన్ని ఇంట్లో వాడే తీరు

తగిన మందులు రెండింటిని సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే, దానిని మందులకు లొంగని మూర్ఛగా పరిగణిస్తారు. అప్పుడు ముందుగా అడగవలసింది, ఫిట్స్ పుట్టే భాగాన్ని శస్త్రచికిత్సతో తొలగించే వీలుందా అని. ఫిట్స్ తగ్గించేందుకు శరీరంలో అమర్చే పరికరం మాట ఆ తర్వాతే.

ఛాతీలో చర్మం కింద అమర్చి, మెడలో ఎడమవైపు వేగస్ నరానికి (మెదడు నుంచి మెడ మీదుగా ఛాతీ, కడుపు వరకు సాగే నరం) తీగ చుట్టి, దాని ద్వారా విద్యుత్ ఉత్తేజం పంపే పరికరానికి అమెరికాలో 1997లో అనుమతి లభించింది. మెదడులోనే ఫిట్ సంకేతాన్ని పసిగట్టి స్పందించేది 2013లోను, మెదడు లోతున ఉండే భాగమైన థాలమస్‌ను ఉత్తేజపరిచేది 2018లోను వచ్చాయి. ఇంట్లోవాళ్లకు ఎక్కువ పని చెప్పేది మొదటిదే.

దానితోపాటు ఒక అయస్కాంతం ఇస్తారు. ఫిట్ వస్తున్నట్టు తెలియగానే దానిని పరికరం ఉన్నచోట ఛాతీ మీదుగా సెకను పాటు జరిపి తీసేస్తే అదనపు ఉత్తేజం అందుతుంది. అక్కడే అదిమిపెడితే మాత్రం, ఉంచినంతసేపూ పరికరం ఆగిపోతుంది. కంగారులో ఈ తేడా తారుమారయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, డాక్టరు ఎదుటే ఇంట్లో అందరూ చేసి చూడడం మంచిది. ఆపడమూ ఒక్కోసారి అవసరమే. సాధారణంగా 5 నిమిషాలకోసారి 30 సెకన్లు ఉత్తేజం సాగేటప్పుడు గొంతు బొంగురుపోతుంది గనుక, పాట పాడేవారు ఆ కాసేపు అయస్కాంతాన్ని ఆనించి ఉంచుకోవచ్చు.

ఫలితం నెలల మీద కనిపిస్తుంది. ఫిట్స్ తగ్గడం సహజం, పూర్తిగా ఆగడం అరుదు. అందువల్ల మందులు సొంతంగా మానకూడదు. ఎమ్మారై తీసే ముందు పరికరం సంగతి తప్పక చెప్పాలి. ఫిట్ 5 నిమిషాలు దాటితే అయస్కాంతాన్ని నమ్ముకొని కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.