యాషికాతో కబడ్డీ: రీలుకి పన్నెండే

సంక్రాంతి కబడ్డీ పోటీల దగ్గర మెడలో యాషికా మ్యాట్ 124జీ అనే పాత ఫిల్ము కెమెరా వేసుకుని నిలబడితే చాలు, పిల్లలు మూగుతారు. "అంకుల్, తీసిన ఫోటో చూపించండి" అంటారు. వారం ఆగాలిరా అంటే నమ్మరు. కెమెరా మా బాబాయిది. పాలకొల్లులో స్టూడియో నడిపినన్నాళ్లూ ఆయన దీంతో పెళ్లిళ్లు తీశారు. నేను కబడ్డీ తీస్తున్నాను. అటక మీద ఇలాంటిది పడుండి, దీంతో ఆటలేం తీస్తాంలే అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

120 అనే వెడల్పు రీలులో, 6×6 సెంటీమీటర్ల చదరపు ఫోటో తీసే ఈ కెమెరాకి వచ్చేవి 12 ఫోటోలు. ఒకటి తీశాక పక్కనున్న క్రాంక్‌ని ఆగేదాకా ముందుకు తిప్పి, వెనక్కి తేవాలి. షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు దాటదు. డిజిటల్ కుర్రాళ్లు ఒక్క కూతకి కొట్టేసేన్ని ఫోటోలు మనకి సాయంత్రం మొత్తానికి రావు. అందుకని ఆటగాడి వెంట పడొద్దు. ఎక్కడికి వస్తాడో అక్కడ కొంగలా కాచుక్కూర్చోవాలి.

కబడ్డీలో ఆ చోటు మధ్య గీత. మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కూతకెళ్లినవాడు ఎన్ని వేషాలు వేసినా చివరికి ఆ గీతకే రావాలి. నలుగురు మీదపడి నడుమూ కాళ్లూ పట్టి లాగుతుంటే, వాడు బోర్లా పడి గీత కోసం చెయ్యి చాస్తాడు చూడండి, అప్పుడు ఒక్క క్షణం అంతా బిగుసుకుపోతుంది. వేళ్లు మట్టిలో దిగబడి ఉంటాయి, మెడ నరాలు తేలుతాయి, పట్టినవాడి దవడ బిగుస్తుంది. అది 1/250కి కూడా దొరుకుతుంది. అదే ఆరు మీటర్ల దూరంలో అడ్డంగా, సెకనుకి 5 మీటర్ల చొప్పున పరిగెత్తేవాడైతే 1/500లో కూడా నెగటివ్ మీద 0.13 మిల్లీమీటర్ల మేర అలుక్కుపోతాడు. చిన్న ప్రింటులో తెలియదు, పెద్దది చేస్తే తెలుస్తుంది.

మధ్య గీతకి ఎదురుగా, పక్క గీతకి ఒక మీటరు బయట నేల మీద కూర్చోండి. ముందే రిఫరీని అడిగి కూర్చుంటే మంచిది. అక్కణ్ణుంచి మధ్య గీత నడుముకి 6 మీటర్లు. ఫోకస్ అక్కడ పెట్టి, కదలకుండా ఫోకస్ నాబ్ మీద చిన్న టేపు ముక్క అంటించేయండి. లెన్స్ కంత ఎఫ్/8 దగ్గర (ఈ అంకె తగ్గేకొద్దీ కంత పెద్దదవుతుంది, ఫోకస్‌లో ఉండే మేర తగ్గుతుంది) సుమారు నాలుగున్నర మీటర్ల నుంచి తొమ్మిదిన్నర దాకా ఫోకస్‌లోనే ఉంటుంది, అంటే గీతలో చాలా భాగం మీ చేతికి వచ్చినట్టే. 80 ఎంఎం లెన్స్‌కి ఆ దూరంలో నాలుగు మీటర్ల పైచిలుకు వెడల్పు పడుతుంది. కూతకెళ్లినవాడూ, వాణ్ణి పట్టిన ముగ్గురు నలుగురూ సరిపోతారు.

పైనుంచి అద్దంలోకి చూస్తే బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. మొదటి ఏడాది నేను అలాగే చూస్తూ, వాడు ఎడమకి దూకితే కెమెరా కుడికి తిప్పాను. ఆ రీలంతా ఖాళీ మట్టి, ఒకరిద్దరి మడమలు. పైన తెరుచుకునే మూత, అంటే హుడ్, ముందు రేకుని లోపలికి నొక్కితే చదరపు కిటికీలా తెరుచుకుంటుంది. వెనక రేకుకున్న కంతలోంచి దాన్ని చూస్తే బొమ్మ తిన్నగానే ఉంటుంది. ఆటలకి అదే వాడండి. ఇందులో కదిలే అద్దం లేదు కాబట్టి మీట నొక్కిన క్షణంలో చీకటి పడదు. కొట్టింది కళ్లతో చూసి కొడతారు.

నేను వాడే ఫిల్ము ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్. నాలుగింటి ఎండలో దాని అసలు వేగం (వెలుగుకి స్పందించే గుణం) 400 దగ్గరే 1/500కి ఎఫ్/8 నుంచి ఎఫ్/11 వస్తుంది. ఐదు దాటాక వేసే రీలుని, తక్కువ వెలుగులోనూ తీయడానికి, 1600గా లెక్కేసుకుంటాను. రీలు మధ్యలో మనసు మార్చుకోవడం కుదరదు, వేసేటప్పుడే తేల్చుకోవాలి. ఫ్లడ్ లైట్లు వేశాక ఎఫ్/4కి దిగాలి. అప్పుడు ఫోకస్‌లో ఉండేది రెండున్నర మీటర్లలోపే, ఇక లాటరీయే. లెన్స్‌లోనే ఉండే లీఫ్ షట్టర్ కాబట్టి ఫ్లాష్ ఏ స్పీడుకైనా పనిచేస్తుంది గానీ, కూతలో ఉన్నవాడి కళ్లల్లో కొట్టడం నాకు ఇష్టం లేదు. ఫ్లాష్‌తో తీసినా ఒక్క ఫోటోయే దక్కిన సందర్భం ఉంది: 1965 మే 25న అమెరికాలోని లూయిస్టన్‌లో, కిందపడ్డ బాక్సర్ లిస్టన్ మీద నిలబడి అరుస్తున్న ముహమ్మద్ అలీని 22 ఏళ్ల ఫోటోగ్రాఫర్ నీల్ లీఫర్ తీసింది ఇలాంటి కెమెరాయే అయిన రోలీఫ్లెక్స్‌తోనే. రింగు పైన కట్టిన ఫ్లాష్‌లు మళ్లీ చార్జ్ అయ్యేదాకా రెండో ఫోటోకి దారి లేదు.

సగం ఆటకి 20 నిమిషాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. రీలు మార్చేది అప్పుడే. ఒకటో రెండో మిగిలితే జనం మీద కొట్టేసి మార్చండి. పిసినారితనంతో దాచుకుంటే ఆట చివర్లో చేతిలో ఖాళీ కెమెరా ఉంటుంది. తుండు కప్పుకుని నీడలో మార్చండి, దుమ్మూ పడదు. తీసిన రీలుని బిగించి కాగితం పట్టీ అంటించాలి. ఒకసారి తొందరలో వదులుగా వదిలేస్తే అంచులన్నీ వెలుగు తగిలి నల్లబడ్డాయి.

కడగడానికి ఐడీ-11 అనే డెవలపర్ ద్రావణాన్ని ఇంకా నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర: 400కి ఏడున్నర నిమిషాలు, 1600కి 14. మా దగ్గర జనవరిలో కూడా కుళాయి నీళ్లు అంత చల్లగా రావు. ఐసు వేసిన బకెట్లో సీసా నిలబెట్టి, థర్మామీటర్ చూసుకుంటూ కూర్చోవాలి.

పోయిన సంక్రాంతికి మూడు రీళ్లు, 36 ఫోటోలు. ప్రింటు వేసినవి నాలుగు. అందులో ఒకదాంట్లో కుర్రాడి చూపుడువేలి కొస గీత మీదే ఉంది. రిఫరీ వాణ్ణి అవుట్ ఇచ్చాడు. ప్రింటు వాడి చేతికిచ్చి, "ఇది ఆయనకి చూపించకురా, వచ్చే ఏడు నన్ను అక్కడ కూర్చోనివ్వడు" అన్నాను.