పైన గడపార ఆడుతుంటే కింద మనిషి ఉండకూడదు

పోయిన శుక్రవారం మా గుంపులో ఒకాయన కాలు విరిగింది. మోకాలి కింద రెండెముకలూ పోయాయి. ఎకో పార్కు కోసం కొండ మీద వ్యూ పాయింటు దాకా మెలికలు తిరిగే నడకదారి తీస్తున్నాం. పై మెలికలో ముగ్గురు ఒక బండను గడపారలతో లేపుతుంటే, ఆ బండ కదల్లేదు గానీ దాని పక్కనున్న రాయి ఊడింది. బిందె అంత ఉంటుంది, పెద్దదేం కాదు. "రాయొస్తాంది, రాయి!" అని పైనోళ్లు అరిచారు. కింద రాతికట్టు కడుతున్న ఆయన అరుపు విని, పక్కకు దూకకుండా తలెత్తి పైకి చూశాడు. ఎవరైనా ముందు అదే చేస్తారు. ఆ ఒక్క క్షణం చాలింది.

రెండు బొంగులకు దుప్పటి కట్టి డోలీ చేసి, నాలుగు కిలోమీటర్లు మోసి బండి దగ్గరికి తెచ్చేసరికి రెండున్నర గంటలు పట్టింది. దారి పొడవునా ఆయన "ఏం కాదులేన్నా" అని మాకే ధైర్యం చెప్పాడు. వాళ్లను పైనా కిందా పెట్టింది నేనే.

ఈశాన్య రుతుపవనాలు మన తిరుపతి, చిత్తూరు పక్క అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. సరిగ్గా ఈ నెలల్లోనే, సంక్రాంతి సెలవులకు దారి తెరవాలని అడవి పనులు జోరందుకుంటాయి. తలకోన, మామండూరు, కైలాసకోన, పలమనేరు, ఏ పక్క పనికి పోయేవాళ్లైనా ఇది చదవండి. బూట్లు వేసుకోండి, నీళ్లు తాగండి లాంటివి నేను రాయను. అవి మీకు తెలుసు.

రాయి దారెంబడి రాదు

పదిమంది కూలీలు వస్తారు. ఐదుగురిని పై మెలికకు, ఐదుగురిని కింది మెలికకు పంపితే పని సగం రోజుల్లో అయిపోతుందనిపిస్తుంది. టేపు పట్టి చూస్తే ఆ రెండు గుంపుల మధ్య 80 మీటర్ల దారి ఉంది. దూరంగానే ఉన్నారులే అనుకున్నాను. దారి మీద నడిచేవాడికి అది 80 మీటర్లు. రాయికి మాత్రం పన్నెండే. మెలికల దారిలో ఉన్న మోసమంతా ఇదే: దారి కొలతలో ఎక్కడో ఉన్న మనిషి, వాలు కొలతలో సరిగ్గా నీ కాళ్ల కింద ఉంటాడు. మధ్యలో పొదలు ఉంటే కనపడడు కూడా.

పది మీటర్ల ఎత్తు నుంచి నిటారుగా పడిన రాయి నేల తాకేసరికి గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. వాలు మీద దొర్లేది కొంచెం నెమ్మదే, కానీ అది తిన్నగా రాదు. మొద్దుకు తగిలి ఎగురుతుంది, బండకు తగిలి పక్కకు మళ్లుతుంది. ఎటు వస్తుందో పైనోడికీ తెలియదు, కిందోడికీ తెలియదు. అందుకే అరుపును నమ్ముకోకండి. అరుపు వినిపించేసరికే ఆలస్యం.

మన కొండల రాయి సంగతి కూడా చెప్పాలి. తిరుమల ఘాట్ రోడ్డులో బోర్డు పెట్టి చూపించే చోటు చూసే ఉంటారు: కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా నగరి క్వార్ట్‌జైటు. ఈ పై రాయి గట్టిదే, కానీ నిలువునా అడ్డంగా బీటలతో దిమ్మెలు పేర్చినట్టుంటుంది. దిమ్మెకూ దిమ్మెకూ మధ్య మట్టి. వానకు ఆ మట్టి కరిగిపోతుంది, దిమ్మె మాత్రం ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. వాన వెలిసి ఎండ కాసింది కదా అని గడపార పెడతాం. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూతపడింది. ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడింది డిసెంబరు 1న. అక్కడ గడపార పెట్టినవాడు కూడా ఎవడూ లేడు.

కాబట్టి ఒక వాలుకు ఒకే గుంపు. రెండో గుంపుకు పని కావాలంటే కొండకు ఇంకో పక్కకు పంపండి, లేదా కర్రలు చెక్కించండి, లేదా కూర్చోబెట్టి కూలీ ఇవ్వండి. గడపార ముట్టుకునే ముందు కింది దారి రెండు పక్కలా ఎర్ర గుడ్డ కట్టి, ఒక్కో పక్క ఒక్కో మనిషిని నిలబెట్టండి. వాళ్లు విజిల్ ఊదాకే రాయి కదలాలి. ఆ ఇద్దరూ రాయి వచ్చే వాలులో కాదు, దానికి పక్కన, పెద్ద చెట్టు చాటున ఉండాలి. మా కుర్రోడొకడు మంచినీళ్ల క్యాను తేవడానికి అడ్డదారిలో ఎక్కొచ్చాడు ఒకసారి, సరిగ్గా రాయి వచ్చే దారినే. గుడ్డ చూశాడట. "మనోళ్లే కదన్నా" అన్నాడు. మనోళ్ల కోసమే ఆ గుడ్డ.

రాయిని కూర్చొని కాళ్లతో తోయొద్దు. రాయితో పాటు నువ్వూ పోతావు. దొర్లుతున్నదాన్ని గడపార అడ్డం పెట్టి ఆపొద్దు. ఒకటి కదిలిస్తే దాని పక్కవి, పైవి ఏమవుతాయో ముందు తట్టి చూడు. సమ్మెటతో కొడితే గట్టి రాయి ఖంగుమంటుంది, ఊడే రాయి బొదబొద అంటుంది. మా యానాది పెద్దాయన చెప్పిన పరీక్ష ఇది. ఆయన తట్టిన రాయి గురించి ఇంతవరకు తప్పు చెప్పలేదు, శుక్రవారం ఆయన పనికి రాలేదు.

వంక

మధ్యాహ్నం అన్నానికి అందరూ వంకలోకి, అంటే కొండవాగులోకి దిగుతారు. నీడ ఉంటుంది, బండ చల్లగా ఉంటుంది, చేతులు కడుక్కోవడానికి ఒక గుంట ఉంటుంది. వానాకాలంలో ఆ చోటు మర్చిపోండి. నీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండ మీద కురిసిన వాన అరగంటకు నీ దగ్గరికి వస్తుంది. గుంటలో నీళ్లు ఎర్రబడినా, ఆకులు పుల్లలు తేలుతూ వచ్చినా, ఎక్కడో లారీ పోతున్నట్టు చప్పుడు వినిపించినా క్యారియర్లు అక్కడే వదిలేసి గట్టు ఎక్కండి. పారలు, సిమెంటు మూటలు వంకలో దాయొద్దు. వాటి కోసం ఎవడో ఒకడు దిగుతాడు. వంక దాటాక వాన మొదలైతే అటే ఉండండి, ఇంటికి పొద్దుపోయినా సరే. మోకాటి లోతు పారుడు నీళ్లు మనిషిని పడేస్తాయి.

దారికే జాగ్రత్త కావాలంటే, నడిచే చోటు లోపలి నుంచి బయటికి కొంచెం వాలుగా పెట్టండి. నీళ్లు దారి మీద నిలవకుండా, దారెంబడి పారకుండా అడ్డంగా దాటిపోవాలి. దారెంబడి పారిన నీళ్లు మీరు కట్టిన రాతికట్టు కింద మట్టిని తోడేస్తాయి. వచ్చే ఏడాది ఆ కట్టుడు రాళ్లే కింద నడిచేవాళ్ల మీదికి వస్తాయి. మళ్లీ అదే కథ: పైన రాయి, కింద మనిషి.

పురుగూ పుట్రా

రాయి ఎత్తేటప్పుడు వేళ్లు కిందికి పెట్టొద్దు. ముందు గడపారతో నీ వైపు అంచు కాదు, అవతలి అంచు లేపు. పాముంటే అటు పోతుంది. రక్తపింజరి మాత్రం పోదు, చుట్ట చుట్టుకొని ఎండుటాకుల్లో కలిసిపోయి ఉంటుంది. కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం, పసరు పోయడం ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, నడిపించకుండా మోసుకెళ్లండి. పాము విషానికి మందు ఆసుపత్రిలోనే, తిరుపతి రుయా లాంటి చోట. పాము కోసం వెతికి చంపి తేవాల్సిన పనిలేదు. ఆ మందు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరులకూ ఒకటే.

జ్వరం గురించి ఎవరూ చెప్పరు. 2025 చివర్లో స్క్రబ్ టైఫస్ గురించి పత్రికలు రాసినప్పుడు చిత్తూరు జిల్లా పేరు ముందు వరుసలో ఉంది. పొదల్లో ఉండే కంటికి కనపడనంత చిన్న పురుగు కుడితే వస్తుంది. గడ్డి మీద పడుకోవద్దు, విప్పిన చొక్కా పొదల మీద ఆరేయొద్దు, ఇంటికి పోగానే స్నానం చేసి బట్టలు మార్చండి. చంకల్లో, గజ్జల్లో, నడుం దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్ల మచ్చ ఉందేమో చూసుకోండి. మూడు రోజులు జ్వరం తగ్గకపోతే డాక్టరుకు "అడవి పనికి పోయినాను" అని మొదటి మాటగా చెప్పండి. త్వరగా గుర్తిస్తే మామూలు మాత్రలతో పోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల మీదికి వస్తుంది.

ఇక మిగతావి వరుసగా చెప్పేస్తా. సర్ది రాసే ఓపిక లేదు.

అనుమతి కాగితం, మనుషుల పేర్ల జాబితా ప్లాస్టిక్ కవరులో పెట్టి రోజూ వెంట ఉంచండి. మచ్చుకత్తులు, గొడ్డళ్లతో శేషాచలంలో పొద్దుగూకాక కనపడితే మీరు దారి పనోళ్లని మీ నొసట రాసి ఉండదు, ఎర్రచందనం దొంగల్ని పట్టే టాస్క్ ఫోర్స్ వాళ్లకు.

ఎర్రచందనం పుల్ల కూడా ముట్టొద్దు. ఎండిందైనా. పడిపోయిందైనా. టీ కాచడానికైనా.

చెట్లకు అల్లుకునే లావుపాటి గిల్లతీగ నరకొద్దు. అది పట్టుకొని ఉన్న ఎండుకొమ్మ నీ నెత్తినే పడుతుంది.

కొండ అంచున పెద్ద తేనెతుట్టె వేలాడుతుంటే దాని కింద పనిలేదు, మెలిక ఇంకోచోట తిప్పండి. పొగ పెట్టొద్దు. తేనెటీగలు లేస్తే మొహం గుడ్డతో కప్పుకొని పరుగెత్తడమే, చేతులు ఊపొద్దు.

దురద పుట్టించే దూలగొండి కాయలున్న పొద గాలి వీచేటప్పుడు కొట్టొద్దు.

ఏనుగు పేడ పచ్చిగా కనపడిందా, పని ఆపి వెనక్కి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి తలకోనకు అడవి దారిన నడిచిపోతున్న భక్తులను గుండాలకోన దగ్గర ఏనుగులు చంపేశాయి. ఫోటో వద్దు.

పిల్లల్ని పనిచోటుకు తేవద్దమ్మా. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఎత్తుకుపోయింది ఆరేళ్ల పాపను. అది జనం నడిచే దారి, మనది ఇంకా దారి కూడా కాదు.

ఉరుము వినపడగానే గడపార కింద పడేయ్. ఒంటి చెట్టు కింద నిలబడొద్దు. బండ కొస మీద అసలొద్దు.

మందు తాగి వచ్చినవాడిని ఇంటికి పంపు. మామ అయినా సరే, బామ్మర్ది అయినా సరే.

ఫోను సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో మొదటి రోజే వెతికి ఆ చోట సున్నం గుర్తు పెట్టు. 108కి ఫోన్ చేయడానికి పరుగెత్తేవాడు ఎవడో పొద్దున్నే తేల్చు. బండి మొహం రోడ్డు వైపు తిప్పి నిలుపు, తాళం బండి దగ్గర మనిషి చేతిలో ఉండాలి. మా తాళం శుక్రవారం పై మెలికలో ఉన్నవాడి జేబులో ఉంది.

డోలీ బొంగులు, దుప్పటి, తాడు పనిచోటే ఉంచు. మేము బొంగు నరకడానికే ఇరవై నిమిషాలు తీసుకున్నాం.

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే సురక్షా బీమా ప్రతి ఒక్కరికీ ఉందా అడుగు. ప్రాణం పోతేనో, శాశ్వతంగా అవిటితనం వస్తేనో డబ్బులు. విరిగి అతుక్కునే కాలికి అందులో ఏమీ రాదు. కాబట్టి ఆసుపత్రి ఖర్చు, ఇంట్లో కూర్చున్న రోజుల కూలీ ఎవరిస్తారో పని ఒప్పుకునేటప్పుడే కాగితం మీద రాయించు.

పైన పని ఉందా, కింద మనిషి లేడు. నీళ్లు తాగడానికి కూడా లేడు. పార మర్చిపోయినా దిగడు. మేస్త్రీ చెప్పినా దిగడు. "ఒక్క నిమిషమేన్నా" అన్నా దిగడు.

సోమవారం నుంచి మేము పై మెలిక ఒక్కటే చేస్తాం, పదిమందిమీ అక్కడే. కింది రాతికట్టు సగంలో ఉంది. అది అలాగే ఉండనీ. సంక్రాంతికి తెరవాలంటున్న ఆఫీసు వాళ్లకు ఆ మాట నిన్ననే చెప్పాను. సెలవులు అయిపోయాక తెరుచుకోమన్నాను.